తిట్టని డాక్టరు

చిత్తూరు బస్టాండు వెనక వీధిలో ఎదురెదురుగా ఇద్దరు డాక్టర్లున్నారు. ఇంగ్లీషు వైద్యం యోగానంద మొహం కూడా చూడకుండా తిడతాడు. ఆయుర్వేదం లోకేశ్వరమ్మ అరగంట కూర్చోబెట్టి కష్టసుఖాలు అడుగుతుంది. చదివిన చదువును బట్టే నోరు ఉంటుందని జనం ఎప్పుడో తేల్చేశారు. ఈ మాట పడీ పడీ విసిగిపోయిన యోగానంద, ఒక సోమవారం పొద్దున, ఇకమీదట మెత్తగా మాట్లాడదామనుకున్నాడు. ‘ఆమెవన్నీ ఒట్టి కబుర్లు’ అన్న మాట చెవినపడి, అదే పొద్దున లోకేశ్వరమ్మ ఇకమీదట ముక్తసరిగా ఉందామనుకుంది. ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు. అదే కొంప ముంచింది.

ఆ రోజు మొదట వచ్చింది మామిడితోట రైతు చిన్నబ్బ. ఛాతీలో మంట. పన్నెండేళ్లుగా యోగానంద తిట్లు తిని, వాటితోనే సగం నయమై ఇంటికి పోయే మనిషి.

"రాప్పా చిన్నబ్బా," అంటూ డాక్టరు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "పిల్లోళ్లు బాగుండారా?"

చిన్నబ్బకు గుండె జారింది. "సార్, నిన్న ఆరు బోండాలు తిన్నాను," అన్నాడు, తిట్టించుకుందామని.

"పోనీలేప్పా. ఆశపడింది తినాల్సిందే కదా."

ఇంకేముంది. మాత్రలు జేబులో వేసుకుని, ఆ తల్లయినా నిజం చెబుతుందని చిన్నబ్బ రోడ్డు దాటాడు. లోకేశ్వరమ్మ నాడి చూసి, తలెత్తకుండా చూర్ణం పొట్లం ముందుకు తోసింది.

"నీళ్లలో కలిపి మూడు పూటలా తాగు. తర్వాతెవరు?"

"నాకేమైందమ్మా?"

"తర్వాతెవరు అంటి కదా."

నా మొహం చూసి చెప్పలేకపోతోంది అనుకున్నాడు చిన్నబ్బ. పాపం, అలా అనుకోవడంలో చిన్నబ్బ తప్పేముంది?

ఇంట్లో భార్య వసంతమ్మ నమ్మలేదు. "ఒక్క తిట్టూ తిట్టలేదా?"

"లేదే. చెయ్యి పట్టుకున్నాడు."

"ఆయమ్మో?"

"తలెత్తి సూడలేదు."

వసంతమ్మ పోయి దేవుడి పటం ముందు దీపం పెట్టింది.

సాయంత్రం చిన్నబ్బ తమ్ముడు మునిశేఖర్‌ను పిలిపించాడు. ఇద్దరికీ తొమ్మిదేళ్లుగా మాటల్లేవు. తమ్ముడి పొలానికి దోవ అన్న తోటలోంచే పోవాలి. దోవ ఇస్తే వాళ్ల నాయన నాటిన పన్నెండు మామిడిచెట్లు పోతాయి. ప్రాణం పోయినా ఇవ్వనని పంచాయితీలో కూర్చున్న చిన్నబ్బ, ఇప్పుడు ప్రాణమే పోతుంటే చెట్లెందుకనుకున్నాడు.

"దోవ తీసుకో శేఖరా."

మునిశేఖర్ అన్నను పట్టుకుని ఏడ్చాడు. "నువ్వు కళ్లారా సూడాలన్నా. ఎల్లుండికే దోవ ఏయిస్తా."

మూడో రోజు వసంతమ్మ భర్తను ఆటోలో వేసుకుని యోగానంద దగ్గరికి తెచ్చింది. డాక్టరు ఓపిగ్గా మళ్లీ పరీక్ష చేసి, మాత్రలు వేసుకున్నావా అని అడిగాడు.

"ఎందుకులే సార్ ఇంక. ఎన్నాళ్లుండాదో చెప్పండి, చాలు."

మూడు రోజుల మెత్తదనం అక్కడితో అయిపోయింది. "యాడికయ్యా పోయేది నువ్వు? అది గ్యాసు. బోండాలు మేస్తావు, మాత్ర మింగవు, నా ప్రాణం తీస్తావు. లెయ్, పో ఈడ్నుంచి."

వసంతమ్మ రెండు చేతులెత్తి మొక్కింది. చిన్నబ్బ భోరుమన్నాడు. బతికినానని నమ్మకం కుదిరాక ఆయనకు చెట్లు గుర్తొచ్చాయి.

తోటకు చేరేసరికి జేసీబీ వెళ్లిపోయింది. పన్నెండు చెట్లూ పిందెలతో సహా నేలమీద ఉన్నాయి. కొత్త దోవ మొదట్లో మునిశేఖర్ ఒక బోర్డు పాతుతున్నాడు. దాని మీద ‘కీ.శే. చిన్నబ్బ మార్గం’ అని రాసి ఉంది.

"గ్యాసంట శేఖరా," అన్నాడు చిన్నబ్బ అతి కష్టం మీద.

మునిశేఖర్‌కు నిజంగానే కళ్లనీళ్లు తిరిగాయి. "సల్లని మాట సెప్పినావన్నా. ఆ రెండక్షరాలు ఇప్పుడే చెరిపిస్తా."

చిన్నబ్బ చెట్లకేసి చూశాడు.

"ఉండనీలే," అన్నాడు.