ముక్కున్న తొట్టి

సన్యాసిరావుకు సన్యాసం పేరులోనే ఉంది, మిగతాదంతా సంసారమే. వారంలో ఆరు రోజులు పలాసలోనే ఉండి జీడిపప్పు ఫ్యాక్టరీలో తూకం గుమస్తా. ఏడో రోజు భార్య రత్నాలమ్మకు గుమస్తా. ఆదివారం ఆయన కళ్లు తెరవకముందే ఆవిడ పనుల జాబితా మొదలయ్యేది. దడి కట్టాలి, కొబ్బరికాయలు ఒలవాలి, గేదెను కడగాలి.

ఆ గేదె పేరు బొడ్డమ్మ. వారానికో కుడితి కుండ కొమ్ముతో పగలగొట్టనిదే దానికి తోచదు. "ఒక మంచి తొట్టి సెయ్యి బావా" అని రత్నాలమ్మ మూడేళ్లుగా అడుగుతూనే ఉంది.

తొంభై తొమ్మిది తుపానుకు పెరట్లో తాడిచెట్టు కూలింది. దాన్ని చూసినప్పటి నుంచి సన్యాసిరావుకు కాలు ఒకచోట నిలవలేదు. ఊరి పక్కనే బీల. చూపు ఆనినంత మేర నీళ్లు, తుంగ, కొంగలు. తాటిమాను తొలిస్తే దోనె అవుతుంది. దోనె ఎక్కి బీల నడిమికి పోయి గాలం వేసుకుని కూర్చుంటే, రత్నాలమ్మ గొంతు ఎంత గట్టిదైనా అక్కడికి చేరదు. ఆయనకు కావలసిందల్లా వారానికి ఒక్క పూట మౌనం.

ఈ మాట ఆవిడతో అంటే ఆ ఒక్క పూటా పోతుంది. అందుకని, "రత్నాలూ, బొడ్డమ్మకి తొట్టి సేత్తాను" అన్నాడు.

ఆవిడ చేతిలో చేట ఆగిపోయింది. "నువ్వా?"

"నానే!"

వడ్రంగి దాలయ్య దగ్గర గొడ్డలి, బాడిస, ఉలి తెచ్చాడు. మానును రెండు సమానమైన ముక్కలు కోశాడు. ఒకటి తనకు, రెండోది గోడవారకు. మొదటి ఆదివారం ఉలి బొటనవేలికి తగిలింది. రెండో ఆదివారం రెండో బొటనవేలు. తాటిచెక్క పైన ఇనుములా గట్టి, లోపల మెత్తన. ఆయన మాత్రం ఎప్పుడూ గట్టివైపే కొట్టేవాడు. ఎనిమిదో ఆదివారానికి ఆకారం కనబడింది. దాంతోపాటు రత్నాలమ్మ కూడా కనబడింది.

"ఏటి బావా, తొట్టికి ముక్కెందుకు?"

"బొడ్డమ్మ మూతి ఆనడానికి."

"అడుగేటి గుండ్రంగా ఉన్నాది? దొర్లిపోదేటి?"

"రాళ్లు ఎడతాను."

"పదడుగుల తొట్టేటి?"

"రేపొద్దున్న దూడలు పుడితే? ముందుసూపుండాల."

"ఓహో. మరి లోపల పీటేటి?"

సన్యాసిరావు చెమట తుడుచుకున్నాడు. "అది... నాను కూకోడానికి. గేదె కుడితి తాగుతుంటే పక్కన మనిషుండాల గదా."

రత్నాలమ్మ పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి వెళ్లిపోయింది. పాపం దగ్గు వచ్చిందనుకున్నాడు.

ఆ మరుసటి వారమంతా ఆయన పలాసలో జీడిపప్పు తూస్తుంటే, ఇక్కడ దాలయ్య వచ్చి పనిచేశాడు. శనివారం రాత్రి ఇంటికి చేరేసరికి గోడవార ముక్క కూడా తొలిచి ఉంది.

"ఇదేటి?"

"దూడకి తొట్టి. నువ్వే గదా ముందుసూపుండాలన్నావు."

"దీనికీ ముక్కా?"

"బిడ్డకి తల్లి పోలిక రాదేటి?"

అప్పుడే అనుమానం రావలసింది. కానీ ఆయన ప్రాణం అప్పటికే బీల మధ్యలో గాలం వేసుకుని కూర్చుంది.

మర్నాడు తన దోనెను బండి మీదకు ఎక్కించాడు. "కొత్త తొట్టి రత్నాలూ, నీళ్లలో నానబెట్టకపోతే పగుల్తాది."

"మరి గాలమెందుకు?"

"నానీదాకా ఊరికే కూకోనా?"

ఆవిడ పసుపూ కుంకుమా తెచ్చి తొట్టి ముక్కుకు బొట్టు పెట్టింది.

బీలలో దోనె దింపి సన్యాసిరావు పీట మీద కూర్చున్నాడు. దోనె ఎడమకు ఒరిగింది. ఆయన కంగారుగా కుడికి వంగాడు. అదీ ఆయన మాట విని కుడికి వంగింది. మరుక్షణం దోనె పైన, ఆయన కింద. లేచి మళ్లీ ఎక్కాడు. మళ్లీ అదే. మూడోసారి గాలం ఆయన చొక్కాకే తగులుకుంది. ఆ రోజుకు దొరికిన చేప ఆయనొక్కడే.

"ఏటి బావా, తొట్టి నానిందా, నువ్వు నానినావా?"

గట్టు మీద రత్నాలమ్మ. పక్కన దాలయ్య. వెనక బండి మీద దూడ తొట్టి, రెండు అడ్డకర్రలు, ఒక గెడకర్ర, చుట్టెడు కొబ్బరి తాడు.

"ఒంటి తాటి దోనె అలవాటు లేనోడికి నిలవదు బాబూ" అన్నాడు దాలయ్య. "రెండు జోడించి కట్టాల. సంగడి అంటారు."

"ముందే సెప్పొచ్చు గదా!"

"దోనంటే సెప్పీవోడిని. తమరు తొట్టన్నారు. తొట్టి నేల మీద బానే నిలుత్తాది."

సన్యాసిరావు నడుము లోతు నీళ్లలో నిలబడి భార్య వైపు చూశాడు. "నీకు ముందే తెలుసా?"

"ముక్కు సూసినపుడే తెలిసింది. పద్నాలుగేళ్లు ఈ గట్టు మీద గడ్డి కోసినాను బావా. నీళ్ల మీదకి ఒక్కసారి ఎల్లనేదు. నువ్వొక్కడివే ఎల్దామనుకున్నావు."

ఆ మాట మాత్రం ఆవిడ నవ్వుతూ అనలేదు. సన్యాసిరావుకు నిజంగా సిగ్గేసింది. తన ఆదివారం కోసం ఇంత తొలిచాడు గానీ, ఆవిడకు అసలు ఆదివారమే లేదని ఎన్నడూ తట్టలేదు.

దాలయ్య రెండూ జోడించి బిగించాడు. రత్నాలమ్మ చీర కుచ్చెళ్లు ఎత్తి పట్టుకుని దూడ తొట్టిలో కూర్చుంది. సన్యాసిరావు తన దోనెలోకి ఎక్కి గెడకర్రతో తోస్తే సంగడి కదిలింది. ఒరగలేదు. తుంగలోంచి కొంగల గుంపు లేస్తే ఆవిడ నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. మాట లేదు. సన్యాసిరావు కోరుకున్న మౌనం అదే. ఆయనకు అది నచ్చింది కూడా.

పావుగంట గడిచింది.

"బావా, ఇంటికెల్లగానే తాళ్లిప్పి రెండూ కడిగీ. రేపొద్దున్న బొడ్డమ్మ కుడితి ఇందులోనే. పై ఆదివారం మళ్లీ కడిగి కట్టాల. అన్నట్టు, ఆ దడి..."

సన్యాసిరావు గబగబా ఒడ్డు వైపు తిప్పబోయాడు. గెడకర్ర కోసం వెతికితే అది రత్నాలమ్మ ఒళ్లో ఉంది.