పొటాష్ పుష్కలం, అందితే ఒట్టు!

మా పెరటి నేలంత బాధ్యత గల సంస్థ ఈ లోకంలో ఇంకోటి లేదు! కాదన్నవాళ్లు ఒకసారి వచ్చి చూసి మాట్లాడండి.

మా ఆవిడ ముచ్చటపడి టమాటా వేసింది. తొలి కాపు వాళ్లమ్మకి పంపిస్తానని మాట కూడా ఇచ్చేసింది. తీరా చూస్తే ఆకుల అంచులు కాల్చినట్టు ఎండిపోయాయి, కాయలు గోళీలంతయ్యి ఆగిపోయాయి. మట్టి పరీక్షకిచ్చాం.

"మొత్తం పొటాష్ పుష్కలంగా ఉందండీ. మొక్కకి అందేదే తక్కువ" అంది ల్యాబ్ అమ్మాయి.

విన్నారా? పుష్కలం! ఇంకేం కావాలి?

మాది బంకమట్టి. దాని పొరల సందుల్లో పొటాష్ ఇరుక్కుని కూర్చుంటుంది. ఇసుక నేలైతే నాలుగు వానలకి ఉన్నదంతా వదిలేసుకుంటుంది, దుబారా మనిషిలాగా. మా నేల అలా కాదు. తడిలో కరిగి ఉన్న కాస్తా వేళ్లు పీల్చేశాక, అప్పుడు తీరిగ్గా ఇంకో చిటికెడు విదిలిస్తుంది. పొదుపంటే అదీ! అడిగిందే తడవుగా ఇచ్చేస్తే మొక్కకి విలువ తెలుస్తుందా? మొక్కలకి మాత్రం క్రమశిక్షణ వద్దూ?

"మీ క్రమశిక్షణ కాయలు కాస్తుందా? కాస్త పొటాష్ కొనుక్కురండి" అంది మా ఆవిడ.

"ఇంట్లో ఉన్నదాన్ని కొనడమేమిటోయ్! నీ కాళ్ల కింద ఎంతుందో తెలుసా?" అని అరగంట ఉపన్యాసమిచ్చాను. ఒక్క మాట కూడా అడ్డు చెప్పకుండా వింది. పెళ్లయ్యాక నా మాట అంత శ్రద్ధగా వినడం అదే మొదలు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది!

మర్నాడు పొద్దున్నే కాఫీ అడిగాను.

"పుష్కలంగా ఉంది" అంది, కుర్చీలోంచి కదలకుండా.

"ఏదీ?"

"డబ్బాలో పొడుంది, ఫ్రిజ్‌లో పాలున్నాయి. మొత్తం కాఫీకి ఏ లోటూ లేదు. మీకు అందేదే తక్కువ."

నేనే చేసుకుందామని లేస్తే, వంటింటి గుమ్మంలో అడ్డంగా నిలబడింది. మధ్యాహ్నం అన్నానికీ అదే జవాబు.

పాఠకులారా, నేల గొప్పదనం మీద నా అభిప్రాయం ఇసుమంతైనా మారలేదు. ఎరువుల కొట్టు మెట్ల మీద కూర్చుని ఈ కాలమ్ రాస్తున్నానంటే, అది వేరే సంగతి.

కొట్టాయన ఇప్పుడే వచ్చాడు. పొటాష్ ఉందా అంటే మొహం వెలిగిపోయింది.

"బోలెడుందండీ! గోడౌన్ నిండా ఉంది. తాళంచెవే మా బావ దగ్గరుండిపోయింది, ఆయనేమో పెళ్లికెళ్లాడు."

అయ్యా, ఆ బావగారి ఫోన్ నెంబరు ఎవరి దగ్గరైనా ఉందా? ఉండటం కాదు, నాకు ఇవ్వాలి!