గుసగుస రేటు

పరుపుల వ్యాపారికి ఆ ఉదయం ఒకటే పని. మధ్యాహ్నం కూతురు పరీక్షకు బయల్దేరేదాకా ఇంట్లో చీమ చిటుక్కుమనకూడదు.

అది సెమిస్టరులో ఆఖరి పేపరు, గణాంకశాస్త్రం. అమ్మడు పోయినసారి తప్పింది అందులోనే. ఈసారీ తప్పితే డిగ్రీ కాస్తా గోదాములో మూలపడ్డ సరుకే. అసలే వారం రోజులుగా ఇంట్లో అందరూ మునివేళ్ల మీదే నడుస్తున్నా పిల్ల వాలకం బాగాలేదు. టీవీ రిమోటు ఫ్రిజ్‌లోనూ, పాలగిన్నె పుస్తకాల బీరువాలోనూ పెట్టింది. తండ్రి గడ్డం గీసుకునే నురగతో పళ్లు తోముకుని, "పేస్టు మార్చారా?" అని అడిగింది. పెన్ను కింద పడితే, కావలసినవాళ్లు పోయినట్టు ఏడ్చింది. నిన్న సాయంత్రం పుస్తకం విసిరికొట్టి, "ఈ ఇంట్లో నేను చదవలేను నాన్నా!" అని గదిలోకి పోయి ధడాలున తలుపేసుకుంది.

కొనేవాడు విసుక్కున్నాడంటే, పక్క దుకాణం మెట్లెక్కేలోగా మన సరుకులో లోపం సరిచెయ్యాలి. వ్యాపారంలో ఆయన నేర్చుకున్న మొదటి పాఠం ఇది. ఇంట్లో చదవలేనందంటే అర్థమేమిటి? గోల. పైవాటాలో దర్జీ కుట్టుమిషను, వంటింట్లో మిక్సీ, హాల్లో తన కన్నతల్లి దగ్గు. గోలకు విరుగుడు దూది. దూదికి ఆయన దగ్గర కొదవేమిటి?

ఆయన నిద్రలేచేసరికి అమ్మడి గది తలుపు వేసే ఉంది. భార్యనూ తల్లినీ హాల్లో కూర్చోబెట్టి, లోగొంతుకతో చట్టం చదివాడు.

"మధ్యాహ్నం దాకా ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరవకూడదు. ఆ తలుపు తట్టకూడదు. కాఫీ అనీ, టిఫిననీ పిల్లను కదపకూడదు. టైముకు నేనే లేపి పంపిస్తాను."

"ఒరేయ్, అమ్మడు పొద్దున్నే..." అంది తల్లి.

"ఉష్! చూశావా అమ్మా, మొదటి తప్పు నీదే."

"అది కాదురా, నా మాట..."

ఆయన రెండు చేతులూ జోడించాడు. ముసలావిడ మూతి ముడుచుకుని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపయ్యాక ఉండబట్టలేక సైగలు మొదలుపెట్టింది. గది వైపు చూపించి చెయ్యి అడ్డంగా ఊపింది. గాలిలో తాళం తిప్పింది. వీధి వైపు వేలు చూపించింది. ఆయన చాలా శ్రద్ధగా చూసి, వీధి తలుపుకు గడియ పెట్టి వచ్చాడు. ఆవిడ నుదురు కొట్టుకుంది.

తర్వాత దొడ్లోకి వెళ్లి దుకాణంలో గుమాస్తాకు ఫోను చేశాడు. "మందపాటి పరుపులన్నీ బండికెత్తి ఇంటికి పట్టుకురా. ఎందుకని అడక్కు. ఇక్కడికొచ్చాక నోరు విప్పావో, రేపట్నుంచి పనిలోకి రానక్కర్లేదు."

గుమాస్తా నమ్మకమైన మనిషి. బండి ఇంటి ముందు ఆపి, అలవాటుకొద్దీ, "అయ్యగారూ, దుకాణంలో..." అనబోయాడు. ఆయన చేతిలో ఉన్న దిండు వెళ్లి మూతికి అతుక్కుంది. ఇక గుమాస్తా ఉద్యోగాన్ని తలుచుకుని పెదవి కదపలేదు. గది తలుపుకు ఒక పరుపు నిలబెట్టారు. బయటనుంచి కిటికీకి ఒకటి. మిక్సీని దిండ్ల మధ్య పాతిపెట్టారు. పైవాటాకు ఒకటి మోసుకెళ్లి, కుట్టుమిషను కింద పరిచారు. అయినా ఎక్కడినుంచో సన్నగా ఏదో వినిపిస్తున్నట్టే ఉంది. అది తన గురకలాంటి ఊపిరేనని తెలియక, మిగిలిన సరుకు కూడా తెమ్మని బండి వెనక్కి పంపాడు. దుకాణం ఖాళీ అయ్యింది, ఇల్లు నిండింది.

అప్పుడు వీధి తలుపు దబదబా మోగింది. ఆయన పరుగున వెళ్లి గడియ తీస్తే, ఎదురుగా మొగుడూ పెళ్లామూ.

"పరుపులు అమ్మేది ఇక్కడేనా?" అన్నాడు మొగుడు, ఊరంతా వినబడేలా.

వ్యాపారి నోటిమీద వేలేసుకున్నాడు. వాళ్లను లోపలికి లాగి, అతని చెవిలో మూతి పెట్టి, త్వరగా వదిలించుకుందామని ఒక రేటు చెప్పాడు. మళ్లీ తలుపు మోగకుండా వీధి తలుపులు బార్లా తెరిచి ఉంచాడు. ఇక్కడే లెక్క తప్పింది. గట్టిగా చెప్పే రేటు అందరిదీ, చెవిలో చెప్పే రేటు మనదీ అని కొనేవాళ్ల నమ్మకం. ఆ దంపతులు పరుపు నెత్తిన పెట్టుకుని, దారిలో కనిపించిన ప్రతివాడి చెవిలోనూ సంగతి ఊదారు.

కాసేపట్లో హాలు నిండింది. చెప్పులు చేత పట్టుకుని, మునివేళ్ల మీద నడుస్తూ, జనం పరుపులు నొక్కి చూస్తున్నారు. దుకాణానికి పోవలసినవాళ్లకు ఇంటి దారి ఎవరు చూపిస్తున్నారో ఆయనకు అంతుపట్టలేదు. అడగాలంటే మాట్లాడాలి. పైనుంచి దర్జీ కూడా దిగి వచ్చి, గలీబులు కుట్టిపెడతానని చెప్పడానికి చెవులు వెతుక్కుంటున్నాడు.

"ఏమండీ, ఈ జాతరేమిటి?" అంది భార్య ఆయన చెవిలో.

"నన్నడుగుతావేం? నేను పిలిచానా?"

"మరి రేట్లెందుకు చెబుతున్నారు?"

"అడిగినవాడికి రేటు చెప్పకుండా ఎలా ఉంటానే!"

అంతలో చేతిలో గొడుగున్న ఒక భారీ ఆడమనిషి, గది తలుపుకు ఆనించిన పరుపును గొడుగుతో పొడిచింది. "ఇదెంత?"

"అది అమ్మేది కాదమ్మా."

ఇన్నేళ్ల వ్యాపారంలో ఆయన ఏ సరుకు గురించీ అనని మాట అది. హాలంతా తల తిప్పింది.

"మంచిదంతా తలుపు దగ్గర దాచుకుని, మాకు నాసిరకం అంటగడుతున్నాడు," అని గొడుగావిడ గుసగుసలాడింది.

"నాసిరకమా? నా పరుపా?" అని ఆయనా గుసగుసగానే మండిపడ్డాడు.

ఆవిడ ఒక కొస పట్టుకుంది. ఆయన రెండో కొస పట్టుకున్నాడు. ఆవిడ వెనక జనం, ఆయన వెనక గుమాస్తా. ఎవరూ చప్పుడు చెయ్యకుండా, పళ్లు బిగబట్టి అటూ ఇటూ లాగారు. చివరికి పరుపు, ఆయన, గొడుగు, గుమాస్తా అందరూ కలిసి తలుపు మీద పడ్డారు. తలుపు తెరుచుకుంది.

గదిలో మంచముంది, పుస్తకాలున్నాయి, అమ్మడు లేదు. కిటికీకి పెట్టిన పరుపు కూడా లేదు. దాన్నెవరో బయటినుంచే బేరమాడుకుని పట్టుకుపోయారు.

"అమ్మడూ!" ఆ ఇంటివాళ్ల నోట పొద్దుటినుంచీ వచ్చిన మొదటి కేక ఆయనదే. "పిల్ల కిటికీలోంచి ఎటో పోయిందే! పరీక్ష పోతే పోయింది, నాకు నా పిల్ల కావాలి!" అని నేలమీద కూలబడ్డాడు.

"ఇప్పుడు నోరు తెరవచ్చా నాయనా?" అంది తల్లి గుమ్మంలోంచి.

"తెరువమ్మా, ఏమైనా చూశావా?"

"చూడ్డమేమిట్రా, తాళంచెవి ఇచ్చి పంపింది నేనే. దుకాణంలో చదువుకుంటానని పొద్దున్నే వెళ్లింది."

ఆయన గుమాస్తా వైపు చూశాడు. గుమాస్తా చేతులు కట్టుకుని, ఉద్యోగం సంగతి ముందు తేల్చమన్నట్టు నిలబడ్డాడు.

"చెప్పవయ్యా!"

"అమ్మాయిగారే ఒక చెయ్యేసి పరుపులు బండికెత్తారండి. చెబుదామంటే దిండు అడ్డం వచ్చింది."

సరిగ్గా అప్పుడే వాకిట్లోంచి వినబడింది. "కాస్త దారివ్వండి... నా గది అది!"

"అందరికీ గదులున్నాయి తల్లీ, వరసలో రా," అంటున్నారెవరో.

అమ్మడు జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కళ్లు తేటగా ఉన్నాయి. మంచం మీద చతికిలబడి మెత్తదనం చూస్తున్న గొడుగావిడతో, "అత్తయ్యగారూ, కొంచెం లేవండి," అని, ఆవిడ కిందనుంచి హాల్‌టికెట్టు లాక్కుంది.

"దుకాణంలో ఏం చదువే?" అన్నాడు తండ్రి, ముక్కు తుడుచుకుంటూ. "ఆ దూది ఏకే మిషను మోత, బజారు గోల..."

"అదే కావాలి నాన్నా! వారంనుంచీ మీరంతా పిల్లుల్లా నడుస్తుంటే నా గుండె కొట్టుకోవడమే నాకు వినిపిస్తోంది. మిషను పక్కన కూర్చుంటే అన్నీ ఎక్కేశాయి."

"మరి ఈ జనం?"

"నేనే పంపించా. ఖాళీ దుకాణానికొచ్చి అడుగుతుంటే, సరుకంతా ఇంటికి మార్చారు, అక్కడికెళ్లండి అన్నా. తప్పా?"

తప్పో ఒప్పో తేల్చడానికి టైము లేదు. గుమాస్తా ఖాళీ బండి మీదే ఆమెను పరీక్షకు తీసుకెళ్లాడు.

సాయంత్రం అమ్మడు నవ్వుకుంటూ వచ్చింది. అడగకముందే, "గట్టెక్కేశాను," అంది. అప్పటికి ఇంట్లో ఒక్క పరుపూ మిగల్లేదు. ఆమె మంచం మీది పరుపు గొడుగావిడతో వెళ్లిపోయింది. మిక్సీ మోగుతుండగా, పైన కుట్టుమిషను దడదడలాడుతుండగా, నాయనమ్మ పొద్దుటినుంచీ దాచుకున్న దగ్గంతా ఒకేసారి దగ్గుతుండగా, అమ్మడు బోడి చెక్క మీద మొద్దునిద్ర పోయింది.

పరుపుల వ్యాపారి ఆమె పక్కన కూర్చుని విసురుతూ, వచ్చే సెమిస్టరు పరీక్షలు ఎప్పుడో కనుక్కోమని భార్యతో చెప్పాడు. సరుకు ముందుగా తెప్పించుకోవాలి కదా.