మేనేజరు గారి పెదవుల కొలత

ఆ ఉదయం సర్దుబాటు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. సంతకాల ఫైళ్ళు పట్టుకుని మేనేజరు గారి గదిలోకి వెళ్ళాలి. ఆయన సంతకాలు పెడుతుండగా ఆయన పెదవులు మందమో పలచనో చూసుకోవాలి. బయటికి వచ్చేయాలి. ఇందులో చెడిపోవడానికి ఏముంది? ఏమీ లేదు. మనిషి కొంప ముంచేవి అలాంటి పనులే.

సర్దుబాటు అనేది ఆయన అసలు పేరు కాదు. ఎవరు తమ పని తెచ్చి ఆయన బల్ల మీద పడేసినా "సరే, సర్దుకుందాం లెండి" అంటారు కనుక ఆ బీమా ఆఫీసు వాళ్ళు ఇచ్చిన బిరుదు. ఆయన సీటు వీధి తలుపు పక్కన. ఆ తలుపు తోసుకొచ్చిన ప్రతివాడూ ముందు ఆయన కాగితాలు ఎగరగొట్టి, తర్వాత మరుగుదొడ్డి ఎటని ఆయన్నే అడుగుతాడు. ఇన్నేళ్ళకు ఫిర్యాదుల విభాగంలో పెద్ద సీటు ఖాళీ అయింది. సొంత గది, కిటికీ, అన్నిటికన్నా ముఖ్యంగా మూసుకునే తలుపు. ఆ సీటుకు ఎవరి పేరు పంపాలన్నది మేనేజరు గారి ఇష్టం. ఆయనేమో ఈ శుక్రవారమే పదవీ విరమణ చేస్తున్నారు. సర్దుబాటు గారి భార్య అప్పుడే ఆ గది కర్టెన్లకు రంగు కూడా నిర్ణయించేసింది.

మేనేజరు గారికి ట్రంపెట్ పిచ్చి. ప్రతి వార్షికోత్సవంలోనూ వాయిస్తారు. ప్రతిసారీ పై స్వరం దగ్గర ఒకే చోట జీర వచ్చి ఆగిపోతారు. పాట అయిపోయిందనుకున్నట్టు నటిస్తూ ఆఫీసంతా అక్కడే చప్పట్లు కొడుతుంది. తప్పు తన ఊపిరిది కాదని, మౌత్‌పీసుదని ఆయన అంటారు. మౌత్‌పీసంటే ట్రంపెట్ చివర పెదవులు ఆనించే చిన్న లోహపు గిన్నె. పాత సామాన్లవాడి దగ్గర ట్రంపెట్‌తో పాటే వచ్చిన ఆ గిన్నె ఆయన మూతికి ఒక్కనాడూ కుదిరింది లేదు. వీడ్కోలు సభలో ఆయనకు తెలియకుండా కొత్తది కానుకగా ఇద్దామన్న ఆలోచన క్యాషియరమ్మది. కొనుక్కొచ్చే పని ఎవరి నెత్తిన పడిందో వేరే చెప్పాలా?

వాయిద్యాల దుకాణదారు అద్దాల బల్ల మీద మౌత్‌పీసులు వరసగా పేర్చాడు. సర్దుబాటు గారి కంటికి అన్నీ ఒక్కలాగే ఉన్నాయి.

"ఇందులో మంచిది ఇచ్చేయండి."

"మంచిదని ఉండదండీ, కుదిరేదని ఉంటుంది" అన్నాడు దుకాణదారు. "పెదవులు మందమైతే గిన్నె వెడల్పుగా ఉండాలి. పై స్వరాలు తేలిగ్గా పలకాలంటే లోతు తక్కువ ఉండాలి. ముందు పళ్ళు ఎత్తుగా ఉంటే గుచ్చుకోని అంచు చూడాలి. ఇంతకీ ఆయన పళ్ళెలా ఉంటాయి?"

సర్దుబాటు గారికి ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మేనేజరు గారి ఎదట నిలబడినప్పుడల్లా ఆయన తన చెప్పులనే చూసుకునేవారు.

"పోనీ, పాతదాని కొలత పట్టుకొస్తే?"

"కుదరనిదాన్ని కొలిచి మళ్ళీ అలాంటిదే కొంటారా? ఆయన్నన్నా తీసుకురండి, నోరన్నా చూసి రండి."

అదీ ఆ ఉదయపు పథకం వెనకున్న కథ.

మొదటి ఫైలు మీద సంతకం పూర్తయ్యేసరికి కింది పెదవి సంగతి తేలిపోయింది: మందం. పై పెదవి మీసం చాటున దాక్కుంది. సర్దుబాటు గారు మెడ సాచారు. మేనేజరు గారు జేబురుమాలు తీసి మూతి తుడుచుకున్నారు. సర్దుబాటు గారు ఇంకాస్త వంగారు.

"నిన్నటి ఫైలు తెచ్చారా?" అని అడిగారు మేనేజరు గారు. మీసం కదిలింది, పళ్ళ కొస కనిపించింది, అంతలోనే మూతపడింది. సర్దుబాటు గారి ప్రాణమంతా ఆ మీసం కిందే ఉండడంతో జవాబు చెప్పడం మరిచిపోయారు.

"నిన్నటి ఫైలండీ!" ఈసారి గొంతు పెరిగింది. దాంతో పాటు పై వరసలో సగం పళ్ళు బయటపడ్డాయి. సర్దుబాటు గారికి అప్పుడు తట్టిందొక ఉపాయం. తట్టకపోయి ఉంటే ఆ వారం హాయిగా గడిచిపోయేది.

"ఏమన్నారు సార్?"

"నిన్నటి ఫైలు!"

"ఇంకొక్కసారి సార్."

"ఫై...లు!" మేనేజరు గారు గది అదిరేలా అరిచారు. నోరు గుహలా తెరుచుకుంది. ముందు పళ్ళు రెండూ ఎత్తుగానే ఉన్నాయి. సర్దుబాటు గారి ముఖం వెలిగిపోయింది. "తెస్తాను సార్" అని ఆనందంగా బయటపడ్డారు.

మేనేజరు గారు వెంటనే క్యాషియరమ్మను పిలిపించారు. మనసున్న మనిషి. గొంతు తగ్గించి, "పాపం, ఆయనకు బొత్తిగా వినబడటం లేదమ్మా. నా నోటికేసి చూసి మాటలు పట్టుకుంటున్నారు. ఎన్నాళ్ళ నుంచి?" అన్నారు.

ఆయన నోటికేసి ఎందుకు చూశారో క్యాషియరమ్మకు తెలుసు. నిజం చెబితే కానుక గుట్టు రట్టవుతుంది. "ఈ మధ్యే సార్" అనేసింది. "పైకి చెప్పుకోరు. మీరూ తెలియనట్టే ఉండండి."

బయటికొచ్చి ఆ కబురు సర్దుబాటు గారి చెవిన వేసింది. "అన్నయ్యగారూ, శుక్రవారం దాకా మీకు చెవుడు."

"నాకా?"

"నేను ఖాయం చేసేశాను. ఇక మార్చకండి."

సర్దుబాటు గారికి కొత్త సీటు గుర్తొచ్చింది. "ఫిర్యాదులు వినాల్సిన సీటుకి చెవిటివాడి పేరు ఎవరమ్మా పంపేది?"

"ఇప్పుడెళ్ళి వినబడుతుందంటే, మరి నాచేత ఎందుకలా అరిపించారంటారు. అప్పుడు పంపుతారా?"

సర్దుబాటు గారు అలవాటు చొప్పున, "సరే, సర్దుకుందాం" అన్నారు.

తెలియనట్టే ఉండాలన్న రహస్యం మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా పాకింది. అందరూ ఆయన బల్ల దగ్గరికొచ్చి అరిచి మాట్లాడుతున్నారు. వీధి తలుపు తోసుకొచ్చిన వాళ్ళు కూడా మరుగుదొడ్డి ఎటని కేకేసి అడుగుతున్నారు. ఇది చాలదన్నట్టు మేనేజరు గారు సర్దుబాటు గారి భార్యకు ఫోన్ చేసి, ధైర్యంగా ఉండమని చెప్పారు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ గుమ్మంలోనే నిలబడి ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆయన ముఖానికి ఎదురుగా ముఖం పెట్టి, "భోం... చే... ద్దా... మా?" అంది.

సర్దుబాటు గారికి జాలేసింది. ఇక నిజం చెప్పేద్దామని నోరు తెరిచారు. ఈలోగా ఆవిడ వడ్డిస్తూ తనలో తాను మొదలుపెట్టింది. "మహానుభావుడు! వంటింటి పంపు కారుతోందని ఎన్నాళ్ళు చెవిలో ఇల్లు కట్టుకుని పోరాను! మా చెల్లెల్ని చూసొద్దామని ఎన్నిసార్లు అడిగాను! పేపరు చాటు నుంచి ఉలుకూ పలుకూ ఉంటేనా! పాపం, వినబడక కదా. నోటికొచ్చినట్టు తిట్టిపోశాను. అదే వినబడి కూడా పలకని మనిషైతేనా, ఈపాటికి నేనేం చేసేదాన్నో నాకే తెలీదు."

సర్దుబాటు గారు తెరిచిన నోట్లో ఒక ముద్ద పెట్టుకుని మూసేశారు.

గురువారం నాడు మేనేజరు గారికి ఒక ఆశ పుట్టింది. మాట వినబడకపోయినా సంగీతం వినబడవచ్చు కదా! ట్రంపెట్ పట్టుకుని పిల్లిలా నడిచొచ్చి సర్దుబాటు గారి వెనక నిలబడ్డారు. అప్పుడే కాఫీ కప్పు పెదవుల దాకా తెచ్చుకున్న సర్దుబాటు గారికి, ఎదురుగా క్యాషియరమ్మ కళ్ళు అంతంత చేసి సైగ చేయడం కనిపించింది. కదలకూడదని అర్థమైంది. ఎందుకో అర్థమయ్యేలోపు ట్రంపెట్ మోగింది.

కప్పులోంచి ఒక్క చుక్క ఒలకలేదు. ఆయన ప్రాణాలు మాత్రం పైకప్పు దాకా వెళ్ళి తిరిగొచ్చాయి.

మేనేజరు గారు చెమ్మగిల్లిన కళ్ళతో ఆయన భుజం తట్టారు. సర్దుబాటు గారు వెనక్కి తిరిగి చూస్తే, ఆయన పెదవుల నడుమ మౌత్‌పీసు అంచు ఎర్రగా గుండ్రంగా ముద్ర వేసి ఉంది. ఆ మందపాటి పెదవుల మీద అది ఉంగరమంత ఉంది. గిన్నె మరీ ఇరుకు! ఇక చూడవలసిందేమీ మిగల్లేదు. ఆ సాయంత్రమే దుకాణానికి వెళ్ళి వెడల్పాటి గిన్నె, తక్కువ లోతు, గుచ్చుకోని గుండ్రటి అంచు ఉన్నది అడిగి తెచ్చారు.

శుక్రవారం సభకు కుటుంబాలు కూడా వచ్చాయి. సర్దుబాటు గారి భార్యను మేనేజరు గారు ప్రత్యేకంగా పిలిచి మూడో వరసలో కూర్చోబెట్టారు. కానుక అందుకుని, దాన్ని అక్కడికక్కడే ట్రంపెట్‌కు తగిలించి వాయించడం మొదలుపెట్టారు. జీర వచ్చే చోటు దగ్గరికి రాగానే జనం చేతులెత్తి సిద్ధంగా ఉన్నారు. జీర రాలేదు. పై స్వరం నున్నగా లేచి, ఇంకా పైకి వెళ్ళి, హాయిగా దిగింది. ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయాయి.

"నా పెదవులకు కొలిచి చేసినట్టుంది" అన్నారు మేనేజరు గారు. "ఎవరు ఎంచారిది?"

క్యాషియరమ్మ ఇక ఆగలేకపోయింది. "ఇంకెవరు సార్, సర్దుబాటు గారే! మీ నోరు చూడ్డానికే మీచేత అన్నిసార్లు అరిపించింది. ఆయనకు చెవుడూ లేదు, గివుడూ లేదు. గోడవతల గుసగుసలాడినా వినబడుతుంది. మొదట్నుంచీ అంతే!"

మేనేజరు గారు నిర్ఘాంతపోయారు. "మీకు వినబడుతుందా?"

"క్షమించండి సార్. బాగానే వినబడుతుంది" అన్నారు సర్దుబాటు గారు. కిటికీ, గది, తలుపు ఒక్కొక్కటే కళ్ళముందు మూసుకుపోయాయి.

"అయ్యయ్యో! ఎంత పని చేశారండీ! ఫిర్యాదుల సీటుకి మీ పేరే పంపాను. అక్కడ వినబడేవాళ్ళంతా వరసగా రక్తపోటు తెచ్చుకున్నారు. వినబడని మనిషైతే చల్లగా ఉంటాడని పైవాళ్ళను ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఈ ఉదయమే ఖాయం చేశారు. ఇప్పుడు మార్చమనడానికి నేను మేనేజర్ని కూడా కాను. ఎలా నెగ్గుకొస్తారో ఏమో!"

సర్దుబాటు గారు సంతోషంతో రెండు చేతులూ జోడించారు. సభంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఈలలు వేశారు, బల్లలు చరిచారు. మూడో వరసలో ఒక్క మనిషి మాత్రం చేతులు కట్టుకుని కూర్చుని, గొంతు ఏమాత్రం పెంచకుండా, "ఇంటికి పదండి" అంది.

అంత హోరులోనూ ఆ మాట ఆయనకు చాలా స్పష్టంగా వినబడింది.