డబ్బా పెట్టించాక పోదాం

ఆ రోజు భూషణం వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే మెకానిక్ ఇర్మా షెడ్డుకు పోయి కారుకు నూనె డబ్బా బిగించుకోవాలి. ఇంటికొచ్చి, చనిపోయిన భార్య నాగేశ్వరమ్మ అన్నగారు ముసలయ్యను ఎక్కించుకోవాలి. చీకటి పడకముందే భద్రాచలం చేరి ఆమె బూడిద గోదావరిలో కలపాలి. ఇందులో తేడా రావడానికి సందెక్కడుందో ఎంత తెలివైనవాడూ చెప్పలేడు. అయితే తేడా రాదలుచుకుంటే దానికి సందుతో పనేముంది?

భూషణం కిరందుల్ ఇనుప గనిలో డంపర్ నడుపుతాడు. మూడేళ్ల కిందట ఒక పాత టర్బో డీజిల్ కారు కొన్నాడు. కొన్న వారానికే అది వెనక నుంచి పొగ వదలడం మొదలుపెట్టింది. ఇంజన్ వదిలే ఆవిరితో పాటు నూనె కూడా టర్బోలోకి పోతోందనీ, మధ్యలో ఆ నూనెను పట్టి ఉంచే డబ్బా ఒకటి పెట్టించాలనీ షెడ్డు మెకానిక్ ఇర్మా చెప్పాడు. పెట్టిస్తే అందులో నీళ్లు చేరి కొత్త రోగం వస్తుందని గనిలోని మెకానిక్ చెప్పాడు. పెట్టించకపోతే టర్బో పోతుందని ఒకరూ, పెట్టిస్తేనే పోతుందని ఇంకొకరూ అన్నారు. భూషణం అందరి మాటా విన్నాడు. అందరి మాటా వినేవాడు ఏ పనీ చెయ్యనక్కర్లేదు.

నాగేశ్వరమ్మకు మాత్రం ఒకటే కోరిక. సొంత కారులో, ముందు సీట్లో కూర్చుని, అద్దం దించుకుని భద్రాచలం పోవాలి. "ఈ నెలన్నా పోదామా?" అని అడిగేది. "పొగొస్తుంది కదే, దారిలో ఆగిపోతే? డబ్బా పెట్టించాక పోదాం" అనేవాడు భూషణం. పక్కింటివాళ్లు అడిగితే ఆమె కూడా అదే చెప్పేది, "డబ్బా రావాలంట" అని. అదేం డబ్బానో ఆమెకు తెలియదు. కిందటి వానాకాలం డబ్బా రాలేదు గానీ జ్వరం వచ్చింది. నాలుగు రోజులు కూడా ఆగలేదు మనిషి.

ఎముకలు దంతెవాడ సంగమంలో కలిపారు. గోదావరికని పిడికెడు బూడిద ఒక స్టీలు డబ్బాలో పోసి, ఇంట్లోకి తేకూడదు కాబట్టి, పెరట్లో మునగచెట్టుకు వేలాడదీశారు. ఆ తర్వాతే భూషణానికి జగదల్‌పూర్ వెళ్లి కారు డబ్బా కొనే తీరిక చిక్కింది. అట్టపెట్టెలో ఉన్న ఆ డబ్బాను డిక్కీలో పెట్టుకుని, దారి పొడవునా తనను తాను తిట్టుకుంటూ ఇల్లు చేరాడు.

ప్రయాణానికి ముందురోజే కిష్టారం నుంచి వచ్చిన ముసలయ్య శాస్త్రం బాగా తెలిసిన రైతు. బూడిద మనుషులు కూర్చునే చోట పెట్టకూడదు, నేల మీద దించకూడదు, బయల్దేరాక నది కనబడేదాకా దాని ఊసెత్తకూడదు. మరి కారులో తీసుకుపోవడం ఎలాగ? ఆలోచించి ఆలోచించి, భూషణం లేవకముందే ఆ స్టీలు డబ్బాను బానెట్‌లో ఇంజన్ పక్కన ఖాళీగా ఉన్న చోట తీగెతో బిగించి కట్టేశాడు.

భూషణం పళ్లు తోముకుంటూ మునగచెట్టు వైపు చూసి, "బావా, అది..." అన్నాడు.

"ఊసెత్తకు. ఎక్కడ పెట్టాల్నో అక్కడ పెట్టిన. నువ్వు బండి పని చూస్కో."

పెద్దవాడి మాట కాదనకుండా భూషణం బండి పని చూసుకోవడానికే పోయాడు. షెడ్డులో ఇర్మాకు తాళాలిచ్చి, "డబ్బా బండిలోనే ఉంది, బిగించెయ్. నేను టిఫిన్ చేసొస్తా" అన్నాడు.

తిరిగొచ్చేసరికి పని అయిపోయింది. ఇర్మా చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. "పక్కా ఫిట్టింగ్ అన్నా. జాగా కూడా నువ్వే మంచిగ చూసినవ్. నీకు దిమాగ్ ఉంది."

మూడేళ్లుగా తన తెలివిని ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి భూషణం ఎందుకని అడగలేదు. చిరునవ్వు నవ్వి బండెక్కి, ఇంటి దగ్గర ముసలయ్యను ఎక్కించుకున్నాడు.

ఊరు దాటీ దాటకముందే కారు వెనక నుంచి పొగ లేచింది. మామూలు పొగ కాదు, తెల్లగా, దట్టంగా, వెనకొచ్చే మోటార్ సైకిళ్లు కనబడనంత పొగ. కొత్త డబ్బా కదా, సర్దుకునేదాకా ఇంతేననుకున్నాడు భూషణం. నకుల్‌నార్ దగ్గర ముసలయ్య ముక్కుకు తువ్వాలు కట్టుకున్నాడు.

"దీనికేనా ఇంత కర్చు పెట్టినవ్? పాత పొగే నయముండె."

"కాసేపాగు బావా, పోతుంది."

సుక్మాలో సంత రోజు. కారు నడుస్తున్నంత మేరా ఇప్పపూల గంపలూ చింతపండు బుట్టలూ పెట్టుకున్నవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. చౌరాస్తాలో నిలబడ్డ సిపాయి ఆపి, దగ్గి, కళ్లు తుడుచుకుని, "యే గాడీ హై కి చూల్హా? జల్దీ నికలో" అని, ఇది బండా పొయ్యా అన్నట్టు హిందీలో కసిరాడు. నిలబెట్టి జరిమానా రాయాలంటే అంతసేపు ఆ పొగలో తనూ నిలబడాలి మరి.

దోర్నపాల్‌లో టీకి ఆగితే బండి మళ్లీ కదలనంది. ముసలయ్య దిగి వెనక నుంచి తోశాడు. గోదావరి కోసమని ఉతికి ఇస్త్రీ చేయించిన తెల్లచొక్కా వేసుకున్నాడాయన. ఇంజన్ అందుకున్న మరుక్షణం సైలెన్సర్ గుప్పున వదిలిన పొగంతా ఆయన మీదే పడింది. మొహం, మీసం, చొక్కా అన్నీ ఒకటే రంగయ్యాయి.

"థూ, దరిద్రపు పొగ," అన్నాడు ముసలయ్య. "ఎవల పాపమో నా నెత్తినొచ్చి పడ్డది."

ఇంక లాభం లేదని ఊరి చివర భూషణం బండి ఆపి బానెట్ ఎత్తాడు. ముసలయ్య గాభరాగా పరుగెత్తుకొచ్చాడు. "ఆగు, చెయ్యి పెట్టకు. అందులనే..." అని వంగి చూశాడు. వేలు చూపించి నెమ్మదిగా అడిగాడు.

"భూషణం, దానికి గొట్టాలేంది?"

"నూనె డబ్బాకు గొట్టాలుండవా బావా? ఇంజన్ నుంచి ఒకటి, టర్బోకు ఒకటి."

"అది నూనె డబ్బా కాదురా. నా చెల్లె."

భూషణం డిక్కీ తెరిచి చూశాడు. అట్టపెట్టె విప్పకుండా అలాగే ఉంది. వెంటనే ఇర్మాకు ఫోన్ చేశాడు.

"ఇర్మా, ఆ డబ్బా మూత తీసి చూశావా?"

"చూడకుంటనా అన్నా," ఇర్మా గొంతు నిండా సంతోషం. "బూడిద పోసి పెట్టినవ్ గద. షెడ్డుల నూనె ఒలికితే మేము బూడిదనే చల్లుతం, మొత్తం పీల్చుకుంటది. నీ ఐడియా చూసి, ఇంక లోపల వడగట్టే జాలీ ఎందుకని పెట్టలే. రెండు బొక్కలు కొట్టి పైపులు తగిలిచ్చిన. ఎట్లుంది?"

భూషణానికి తిట్టాలనిపించింది. కానీ మూడేళ్ల కిందట, వేరే ఎవరికీ లేని ఓపికతో, ఈ డబ్బా సంగతి తనకు చెప్పింది వీడే. చెప్పినా వినంది తను. "బాగుంది" అని పెట్టేశాడు.

మూత తీశారు. అడుగున చెంచాడు నల్లటి నూనె తప్ప ఏమీ లేదు. ఇంజన్ ఊదింది, టర్బో పీల్చింది, సైలెన్సర్ వదిలింది. కిరందుల్ నుంచి ఇక్కడి దాకా పోయిందంతా నాగేశ్వరమ్మే. సంతలో కొంగులు అడ్డం పెట్టుకున్నది ఆమెకే. సిపాయి జల్దీ పొమ్మన్నది ఆమెనే. ముసలయ్య కాలువగట్టున కూలబడ్డాడు.

"దరిద్రపు పొగ అన్న గదరా. బతికినన్నాళ్లూ గట్లనే తిట్టిన. సచ్చినంక కూడ తిట్టిన."

మనిషి మీద పడి ఏడవడానికి భూషణానికి చితి దగ్గర వీలు కాలేదు. ఇప్పుడు రోడ్డు పక్కన, లారీలు పోతుంటే, బావ భుజం మీద తల పెట్టి పసిపిల్లవాడిలా ఏడ్చాడు. ఆ భుజం మీది బూడిద మొహానికి అంటుకుంది. అంటుకున్నాక గానీ ఇద్దరికీ వెలగలేదు. చెంపకు చెయ్యి పోనిచ్చి భూషణం ఆగిపోయాడు. ముసలయ్య తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"తుడవకు," అన్నాడు ముసలయ్య. "నువ్వూ తుడవకు. నడు, పొద్దు పోతాంది."

డబ్బాను పక్కన పెట్టి, గొట్టాలు పాత చోటే తగిలించుకుని బయల్దేరారు. ముసలయ్య చేతులు రెండూ గాల్లో పెట్టుకుని, వీపు సీటుకు ఆనించకుండా, మనిషి కూర్చునే చోట బూడిద ఉండకూడదన్న శాస్త్రాన్ని తానే తొక్కుతూ కూర్చున్నాడు. కోంటా దాటేదాకా కారు కొద్దికొద్దిగా పొగ వదులుతూనే ఉంది. మూడేళ్లు ఆ పొగను ఎలా ఆపాలా అని దిగులుపడ్డ భూషణం, ఇప్పుడు అద్దంలో దాన్నే చూసుకుంటూ నడిపాడు. చింతూరు దగ్గరికొచ్చేసరికి అది పలచబడింది. ఆ తర్వాత అద్దంలో ఖాళీ రోడ్డు తప్ప ఏమీ కనబడలేదు. భూషణం బండి ఆపి, ఆక్సిలేటర్ రెండుసార్లు గట్టిగా తొక్కి చూశాడు. ఏమీ రాలేదు.

"పోయిందిరా," అన్నాడు ముసలయ్య మెల్లగా. "పోనీ."

భద్రాచలం రేవులో పంతులుగారు ఆకూ నువ్వులూ సిద్ధం చేసి, "అస్థికలేవీ?" అన్నారు. భూషణం ముసలయ్యను చూపించాడు. పంతులుగారు ఆ రేవులో చాలా చూసినవారు కాబట్టి మారుమాట్లాడక గోత్రం అడిగారు. ముసలయ్య చొక్కాతోనే నడుం లోతు నీళ్లలోకి దిగాడు. పక్కనే భూషణం, మొహం కడుక్కోకుండా. ఇద్దరూ చేతులు పట్టుకుని మునిగారు. లేచేసరికి చొక్కా తెల్లబడింది, చుట్టూ నీళ్లు కాసేపు బూడిదరంగులో తిరిగి, ప్రవాహంలో కలిసిపోయాయి.

"అద్దం దించుకుని పోదామనేది బావా," అన్నాడు భూషణం నీళ్ల వంక చూస్తూ. "దారంతా చూస్తానని."

"సూసింది. మనకన్న ఎక్కువే సూసింది."

మెట్లెక్కి తల తుడుచుకుంటుండగా ఫోన్ మోగింది. ఇర్మా.

"అన్నా, పొగ బందయిందా?"

"అయింది ఇర్మా. పూర్తిగా బందయింది."

"సూసినవా. నేను చెప్పిననాడే పెట్టిచ్చి ఉంటే, వదినను కూసోబెట్టుకుని హాయిగ తిరిగెటోనివి."

ఆ రోజు మొత్తంలో ఇర్మా సరిగ్గా చేసిన పని ఆ మాట అనడమొక్కటే.