కాలు పెట్టలేదని ధ్రువపత్రం

ప్రభుత్వ వాహనం తనంతట తాను చెడిపోవడానికి వీల్లేదు. చెడిపోయిందని కాగితం పుట్టేదాకా అది నడుస్తున్నట్టే లెక్క. ఈ న్యాయం ప్రకారం, చండ్రుగొండ అవతల అడవి అంచున ఉన్న ఆరోగ్య కేంద్రం కారు 2006 మార్చి నెల చాలావరకు వేపచెట్టు కింద నిలబడే నడిచింది.

దాని జబ్బు చిన్నది. డ్రైవరు పెడల్ ఎంత తొక్కాడో ఇంజనుకు చెప్పే అగ్గిపెట్టెంత సెన్సరు ఒకటి ఉంటుంది. అది అబద్ధాలు మరిగింది. డ్రైవరు హరిలాల్ కాలు మోపకముందే నిండా తొక్కాడని చెప్పేది. నిండా తొక్కితే, అసలు కాలే పెట్టలేదనేది. కారు ఒకసారి రంకె వేసి మరోసారి మూర్ఛపోయేది.

నర్సు భార్గవికి మాత్రం ఇది చిన్న సంగతి కాదు. అడవి లోపలి గూడెంలో తొమ్మిది నెలలు నిండిన పిల్లలు పదకొండు మంది తట్టు టీకా కోసం ఉన్నారు. పక్క గూడెంలో అప్పటికే తట్టు పోసింది. టీకా మందు మంచుపెట్టెలో ఒక్క పగలే ఆగుతుంది. (ఫైలుకు ఆ ఇబ్బంది లేదు.)

మెకానిక్ దూలయ్య వచ్చి బానెట్ ఎత్తి చూశాడు.

"కొత్తది బిగించి దానికి సున్నా చూపియ్యాలె మేడం. పెడల్ మీద కాలు లేనప్పుడు మీటర్ల అర వోల్టు రావాలె. గంట పని."

"అయితే ఇయ్యాల్నే చెయ్యన్నా."

"నేను చేస్త. మీ సార్లు చెయ్యనియ్యాలె గద?"

సార్లు అంటే డివిజన్ వాహన క్షేమ విభాగం. దాని నిబంధన చాలా స్పష్టంగా ఉంది. కొత్త సెన్సరు కావాలంటే పాతది అప్పగించాలి. పాతది విప్పాలంటే కొత్తది చేతికి వచ్చి ఉండాలి. ఈ చిక్కుముడిని విభాగమే పెద్ద మనసుతో విప్పింది: కారునే ఆఫీసుకు తెచ్చి చూపించమంది. పోనూ రానూ ఇరవై నాలుగు కిలోమీటర్లు సోమ్లా అనే రైతు ఎడ్లు దాన్ని లాగాయి. లాగ్‌బుక్కులో 'ఇంధనం' అన్న గడి ఖాళీగా ఉండరాదు కనుక హరిలాల్ 'జొన్న చొప్ప, రెండు మోపులు' అని రాశాడు. మైలేజీ మెరుగుపడిందని ఆఫీసు సంతోషించింది.

సెన్సరు వచ్చింది. ఒక బుధవారం పొద్దున దూలయ్య దాన్ని అమర్చి, అటూ ఇటూ తిప్పి, మీటరు ముల్లు అర వోల్టు దగ్గర ఆగగానే రెండు మరలూ బిగించాడు. కారు కడుపు నిండిన పిల్లిలా గురక పెట్టింది.

"ఆపు," అన్నారు అప్పుడే వచ్చిన విభాగాధికారి వెంకటేశ్వరరావు గారు. "ఇది ఇంకా బాగు కాలేదు."

సున్నా సామాన్యమైన అంకె కాదు. దాన్ని ఎవరు పడితే వారు చూపిస్తే వ్యవస్థ ఏమైపోవాలి? కొలత తీసుకున్న సమయంలో పెడల్ మీద కాలు లేదని ఇద్దరు సాక్షులు ధ్రువీకరించాలి.

"కాలు లేదని ఎట్ల నమ్మాలె?"

"చూడుండ్రి సార్, రెండూ ఈడ్నే ఉన్నయి," అంటూ హరిలాల్ కారు దిగి నిలబడ్డాడు.

"నీవి ఉన్నయి. వేరేటోళ్లవి?"

దవాఖానాకు వచ్చినవాళ్లతో సహా అందరి కాళ్లూ లెక్కపెట్టారు. ముప్పై ఎనిమిది తేలాయి. సరిసంఖ్య రావడంతో అధికారి తృప్తిపడి మొదటి సాక్షిగా సంతకం చేశారు. రెండో సాక్షి సెలవులో ఉన్నారు. వచ్చేదాకా కారు తాళం కవర్లో పెట్టి లక్కముద్ర వేశారు.

"సార్, మంచు కరుగుతది," అంది భార్గవి. ఆ నెలలో ఆమె అధికారితో అన్న మొదటి మాట అదే.

"మీ బాధ రాసుకున్నం అమ్మా. పై ఆఫీసుకు పంపుతం."

వరండాలో కూర్చున్న చిన్నక్క లేచింది. మనుమరాలికి టీకా ఎప్పుడు వేస్తారని అడగడానికి గూడెం నుంచి వచ్చిన మనిషి ఆమె.

"ఆళ్లు పంపేటాలకు మా పిల్లకు పెండ్లయితది సిస్టరమ్మా. ఆ పెట్టె గిటియ్యి, నేను మోస్త. జల్దీ నడువు."

తొమ్మిది కిలోమీటర్లు. రెండుచోట్ల వాగు దాటాలి. తల్లులంతా పిల్లల్ని వెంటబెట్టుకుని అడవిలో ఇప్పపూలు ఏరుతున్నారని తెలిసి భార్గవి అక్కడికే వెళ్లింది. మంచు ఇంకా కొంచెం మిగిలి ఉండగానే పదకొండు మందికీ టీకాలు పడ్డాయి. చిన్నక్క మనుమరాలు అందరికంటే గట్టిగా ఏడ్చింది. నాయనమ్మ గర్వంగా చుట్టూ చూసింది.

రెండో సాక్షి సెలవు నుంచి వచ్చి సంతకం పెట్టే సమయానికి భార్గవి నివేదిక కూడా అందింది. విభాగం దాన్ని శ్రద్ధగా చదివింది. పని కారు లేకుండానే నూటికి నూరుపాళ్లు జరిగింది కనుక ఆ కేంద్రానికి కారు అవసరం లేదని తేల్చింది. కారును డివిజన్ ఆఫీసుకు కేటాయించింది. భార్గవికి అభినందన పత్రం మంజూరు చేసింది.

వచ్చే బుధవారం ఆమె వెళ్లాల్సిన గూడెం పద్దెనిమిది కిలోమీటర్లు. ఆ సంగతి చెప్పుకుందామని గేటు దాకా వచ్చేసరికి, వెంకటేశ్వరరావు గారు అభినందన పత్రాన్ని స్వయంగా తెచ్చి, దిగే శ్రమ లేకుండా, ఆ కారు కిటికీలోంచే అందించారు.