మూడో తాళం

పళ్ళ డాక్టరు పేరెత్తితే చెవి మేస్త్రికి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ‘నొప్పి తెలియకుండా పళ్ళు తీయబడును’ అని గుమ్మం మీద బోర్డు పెట్టుకున్న ఆ పెద్దమనిషి, బండి అమ్మేటప్పుడు కూడా అదే పద్ధతి పాటించాడని మేస్త్రి ఆరోపణ. డాక్టరు ఏదో చెప్పబోతే నోరు మూయించింది తనేనన్న సంగతి మాత్రం మేస్త్రి ఎవరికీ చెప్పడు. అది మనం చెప్పుకోవాలి.

మేస్త్రి ఏడో తరగతిలో బడి మానేసి స్పానరు పట్టుకున్నవాడు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి అదిమి, కళ్ళు మూసుకుంటే చాలు, లోపల ఏ బేరింగు ఏడుస్తోందో, ఏ వాల్వు సణుగుతోందో చెప్పేసేవాడు. అందుకే ఆ పేరు. ముప్పై ఏళ్ళు ఆ చెవులు అన్నం పెట్టాయి. తర్వాత కంప్యూటర్ల బండ్లొచ్చాయి. వాటికి జబ్బు చేస్తే అవే తెర మీద చెప్పుకుంటాయి, మధ్యలో చెవితో పనిలేదు. షెడ్డు ముందు బండ్లు పలచబడ్డాయి.

ఇక లాభం లేదనుకుని షెడ్డు వెనక సగం స్థలం అమ్మి, డాక్టరు దగ్గర ఐదేళ్ళు వాడిన ఖరీదైన ఎస్‌యూవీ కొన్నాడు. పెద్ద హోటల్లో దిగే అతిథులను విమానాశ్రయానికి చేరవేసే పని అతనికి ఏడాదిపాటు ఇస్తానని హోటల్ మేనేజరు ఒప్పుకున్నాడు. మొదటి ట్రిప్పు సవ్యంగా జరగాలన్నది షరతు.

కొనేముందు మూడు రోజులు బండిని విన్నాడు. ముందు చక్రం దగ్గర ఒక బుష్ అరిగిందని పట్టుకుని ధర తగ్గించాడు కూడా. ఆఖరున చెయ్యి చాచాడు.

“తాళాలు రెండూ ఇవ్వండి డాక్టరు గారూ. రెండు తాళాలూ చేతిలో పడితేనే మా లైన్లో బేరం అయినట్టు.”

“ఇస్తానయ్యా. ఫోన్లో కూడా ఒకటుంది, అది మా ఆవిడ...”

“ఫోను మీ దగ్గరే ఉంచుకోండి సార్. నాకు తాళాలు చాలు.”

డాక్టరు ఊపిరి పీల్చుకున్నాడు. బండి అమ్ముతున్నట్టు ఇంట్లో చెప్పలేదు. కొత్త రకం కుర్చీ ఒకటి క్లినిక్కుకు తెచ్చుకోవాలని అతని కోరిక. ఉన్న కుర్చీ బానే ఉందిగా అని భార్య మాట. అందుకని బండి సర్వీసుకిచ్చానని ఆమెకు చెప్పి ఆ తర్వాత ఎనిమిది రోజులు కాలం నెట్టుకొచ్చాడు.

మొదటి ట్రిప్పు రోజు పొద్దున్నే మేస్త్రి బండి కడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, తాళాలు రెండూ జేబులో వేసుకున్నాడు.

“ఏమయ్యా, రెండెందుకూ? ఒకదాంతో కదలదా?” అంది పెళ్ళాం.

“ఓనర్నే నేను. రెండూ నా దగ్గరే ఉంటాయి.”

“సౌండే రాని బండి కొన్నావు. ఇంక నీ చెవులకేం పని? బజారుకెళ్ళేటప్పుడు నాకియ్యి, కూరగాయల వాడి గొణుగుడు నేను వింటాను.”

“నోరు మంచిదైతే కదా పని మంచిగా అయ్యేది!” అని విసుక్కుని బండెక్కాడు.

సగం దూరం వెళ్ళేసరికి బండిలో చలిగాలి తనంతట తానే హోరెత్తింది. తెర మీద పదహారు డిగ్రీలు. మీట తిప్పితే తగ్గింది, మళ్ళీ పెరిగింది. ‘ఏసీలో గ్యాసు ఎక్కువైంది’ అని మేస్త్రి తేల్చేశాడు.

అయింది గ్యాసు కాదు. ఇవాళ బండి వచ్చేస్తుందని మొగుడు ఉదయం చెప్పాడు కాబట్టి, ఎక్కేలోపు చల్లబడుతుందని డాక్టరు భార్య ఇంట్లో కూర్చుని ఫోన్లో నొక్కుతోంది. నొక్కుతూ ఎందుకో మ్యాపు చూసింది. బండి రోడ్డు మీద పరిగెడుతోంది. సర్వీసువాళ్ళు తన బండిలో షికారు కొడుతున్నారనుకుని పళ్ళు నూరింది. ఇంతలో బండి వెళ్ళి హోటల్ ముందు ఆగింది. మొగుడికి ఫోన్ చేసింది. అతని చేతులు రెండూ ఎవరి నోట్లోనో ఉన్నాయి, ఎత్తలేదు. పట్టపగలు, హోటలు, ఎత్తని ఫోను. మూడూ కలిపి చూసుకుంది. ‘బండి దొంగతనం’ అన్న ఎర్ర బటను నొక్కేసి, టాక్సీ పిలిచింది.

హోటల్ వాకిట్లో అప్పుడే ఆడిటరమ్మ వెనక సీట్లో కూర్చుని ఫైలు ఒళ్ళో పెట్టుకుంది. హోటల్ లెక్కలు తనిఖీ చేయడానికి వచ్చిన మనిషి. మేనేజరు ఆమెను కళ్ళలో పెట్టుకుని సాగనంపుతున్నాడు. మేస్త్రి పెట్టె డిక్కీలో పెట్టి మూశాడో లేదో, నాలుగు తలుపులూ టక్కున బిగుసుకున్నాయి. హారన్ మొదలైంది.

మేస్త్రి ఒక తాళం నొక్కాడు. రెండోది నొక్కాడు. రెండూ కలిపి నొక్కాడు. లోపల ఆడిటరమ్మ పిడి లాగింది, అదీ పనిచేయలేదు. హారన్ గోలలో లోపలి మాట బయటికి వినబడటం లేదు. ఆమె కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అద్దానికి ఆనించింది: ‘చలి.’

“ఏం మేస్త్రీ ఇది! ఆవిడ మా లెక్కలు తేల్చే మనిషయ్యా!” అని మేనేజరు అరిచాడు.

“లోపల రిలే స్విచ్చి అతుక్కుపోయింది సార్. రెండు నిమిషాలు!”

మేస్త్రి స్క్రూడ్రైవరు బానెట్ మీద ఆనించి చెవి పెట్టాడు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి చెవికేమీ అందలేదు. లోపల రెండో కాగితం లేచింది: ‘ఫ్లైటు 12 గంటలకి.’ ఆ వెనకే మూడోది: ‘మీ పూర్తి పేరు?’

మేస్త్రి ఇస్త్రీ చొక్కాతోనే బండి కిందికి దూరాడు. చక్రం వెనక తొడుగు ఊడదీస్తే వైర్ల కట్ట అందుతుందని అతనికి తెలుసు. అతని కాళ్ళు రెండూ బయటికి కనబడుతుండగా టాక్సీ వచ్చి ఆగింది. డాక్టరు భార్య దిగి వెనక సీట్లో ఉన్న ఆడమనిషిని చూసింది. తర్వాత కాళ్ళను చూసింది.

“దాక్కుంటే వదిలేస్తాననుకున్నారా? బయటికి రండి! కుర్చీ కావాలి కుర్చీ కావాలని నా ప్రాణం తోడేసింది ఇందుకేనా!” అని ఒక కాలు పట్టుకుని లాగింది.

మసిపూసిన ముఖంతో మేస్త్రి బయటికొచ్చాడు.

“నువ్వెవరు?”

“ఈ బండి ఓనర్నమ్మా. కాలొదలండి.”

“ఓనరేంటి? ఇది మా బండి. ఆపు నాటకాలు.”

మేస్త్రి రెండు తాళాలూ చూపించాడు. ఆమె ఫోను చూపించింది. అతను జేబులోంచి అమ్మకం కాగితం తీశాడు. ఆమె సంతకం చూసింది, తేదీ చూసింది. కాగితం మడిచి ఇచ్చేసింది.

“ఎనిమిది రోజులు,” అంది. “రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్నాడు. బండెప్పుడొస్తుందంటే పార్టు రావాలన్నాడు.”

ఆమె అరవలేదు. హారన్ పక్కనే నిలబడి ఉన్నా మేస్త్రికి ఆ మాటలు వినిపించాయి. పైకి నున్నగా నడుస్తూ లోపల పగిలిన ఇంజను గొంతు అది. అలాంటి బండి వస్తే అతను వెంటనే ఆపించేసేవాడు, ఇంకొక్క అడుగు నడపనిచ్చేవాడు కాదు. మనిషినేం చేయాలో అతనికి తెలియలేదు.

“ఉండు, నేను తెరుస్తాను,” అని ఆమె ఫోను ఎత్తింది.

చుట్టూ అప్పటికి పాతికమంది చేరారు. ముప్పై ఏళ్ళ చెవి మేస్త్రి బండిని ఎవరో ఆడకూతురు వేలితో తెరవడమా!

“మీరేం నొక్కక్కర్లేదమ్మా. నా బండి, నేను తెరుచుకోగలను,” అని మళ్ళీ కిందికి దూరాడు.

కట్ట దొరికింది. తడిమి తడిమి ఒక వైరు వేరుచేశాడు. కట్టరు పెట్టాడు. కటుక్కుమంది.

హారన్ ఆగిపోయింది, తలుపులు వదులయ్యాయి. బయట చప్పట్లు! ఆడిటరమ్మ వణుకుతూ దిగి, ఫైలు చంకలో పెట్టుకుని, “భలే పనివాడివయ్యా” అంది. మేనేజరు మేస్త్రి మసి చేతిని పట్టుకుని ఊపేశాడు. “రేపట్నుంచి పని మీదే!”

బండి మాత్రం స్టార్టవలేదు. డాక్టరు భార్య తను వచ్చిన టాక్సీలోనే ఆడిటరమ్మను ఎక్కించి పంపింది. తర్వాత మేస్త్రి కళ్ళ ముందే ఫోన్లోంచి ఆ బండిని శాశ్వతంగా తీసేసింది.

“బాగా తెరిచారు,” అని మాత్రం అని, నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

బండిని కంపెనీ సర్వీసు సెంటర్‌కు లాక్కెళ్ళారు. వైర్ల కట్ట మొత్తం మార్చాలి, అది రావడానికి నలభై రోజులన్నారు. మేనేజరు నాలుగు రోజులు చూసి పని ఇంకొకరికి అప్పజెప్పాడు. అయినా మేస్త్రి కుంగలేదు. ఆ చప్పట్ల సంగతి ఇంట్లో రోజూ చెప్పేవాడు. పెళ్ళాం కూడా ఎందుకో ఎదురు మాట్లాడకుండా వినేది.

నలభై ఒకటో రోజున సర్వీసు సెంటర్లో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్న అమ్మాయి తెర మీద చూసి చదివింది.

“ఆ రోజు పది గంటల నలభై రెండు నిమిషాల పదకొండో సెకనుకి ఫోన్ నుంచి అన్‌లాక్ చేశారు అంకుల్. హారన్ కూడా అప్పుడే ఆగింది. వైరు తెగింది పధ్నాలుగో సెకనుకి. ఆ మూడు సెకన్లు ఆగుంటే బండికి ఏమీ అయ్యేది కాదు.”

“మీ కంప్యూటరుకేం తెలుసమ్మా...” అని మొదలుపెట్టి మేస్త్రి ఆగిపోయాడు. కట్టరు కటుక్కుమన్న చప్పుడు ఆ రోజు తనకు చక్కగా వినిపించింది. అంత హారన్లో ఎలా వినిపించింది? వైరు తెగేసరికే అక్కడంతా నిశ్శబ్దం. చప్పట్లు కొట్టినవాళ్ళెవరికీ తెలియకపోయినా, ఫోను చేతిలో పట్టుకున్న ఆమెకు తెలుసు. ఆమె పరువు ఆ వాకిట్లోనే పోయింది. అతని పరువు మాత్రం అతని దగ్గరే ఉంచి వెళ్ళింది.

మేస్త్రి పళ్ళ డాక్టరును తలుచుకుని నాలుగు తిట్లు తిట్టి, బిల్లు అందుకున్నాడు.

తెగింది జానెడు వైరు. కట్టింది నాలుగు లక్షల పద్దెనిమిది వేల ఆరువందల నలభై.